నాన్నకు పక్షవాతం వచ్చింది, ఊరి తరఫున ప్రభుత్వాన్ని ఏమి అడగాలి?

మీరు ఖమ్మం జిల్లాలోని ఒక పల్లె నుంచి రాశారు. యాభై ఒక్క ఏళ్లకే మీ నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. "ఉప్పు తగ్గించలేదు, బీడీ మానలేదు, అనుభవిస్తున్నాడు" అని చుట్టాలంతా ఆయననే తప్పు పడుతున్నారు. మీ యువజన సంఘం సెప్టెంబరు 29న ప్రపంచ హృదయ దినోత్సవానికి ర్యాలీ తీయాలా, లేక ప్రభుత్వాన్ని ఏదైనా అడగాలా, అడిగితే ఏమైనా కదులుతుందా అన్నది మీ ప్రశ్న. ర్యాలీ వద్దనను. కానీ అడగండి. ఏమి అడగాలో, ఎవరిని అడగాలో తెలుసుకుని అడిగితే కదులుతుంది. ముప్పై ఏళ్లకు దగ్గరగా ప్రభుత్వ వైద్యంలో ఉన్నాను, అందులో ఎక్కువ కాలం గోదావరి జిల్లాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో గడిచింది. కదిలినవీ చూశాను, కదలనివీ చూశాను.

ముందు ఆ నింద సంగతి. మీ నాన్నగారు బీడీ మానాలి, మాత్రలు రోజూ వేసుకోవాలి, అందులో సందేహం లేదు. కానీ జెఫ్రీ రోజ్ అనే బ్రిటిష్ వైద్యుడు 1980లలో ఒక విషయం విడమరచి చెప్పాడు. ఫలానా మనిషికి జబ్బు ఎందుకు వచ్చిందన్నది ఒక ప్రశ్న, ఊరంతటికీ ఇంత జబ్బు ఎందుకు వచ్చిందన్నది వేరే ప్రశ్న. రెండోదానికి జవాబు ఆ మనిషి స్వభావంలో దొరకదు. రేషన్ దుకాణంలో, బడ్డీ కొట్టులో, ఆసుపత్రి మందుల గదిలో, పన్నుల జాబితాలో వెతకాలి. ఆయన చెప్పిన మరో సంగతి ఇంకా ముఖ్యం. బీపీ 200 దాటినవాళ్లు ఊళ్లో కొద్దిమందే ఉంటారు. 140, 150 దగ్గర ఉన్నవాళ్లు వీధి వీధికీ ఉంటారు. విడివిడిగా చూస్తే వీళ్లకు ప్రమాదం తక్కువే, కానీ తలలు ఎక్కువ కాబట్టి పక్షవాతాల్లో పెద్ద వాటా వీళ్లదే అవుతుంది. ఏ బాధా ఉండదు కాబట్టి వీళ్లు డాక్టరు గడప తొక్కరు. వీళ్లను చేరుకోవాలంటే అందరికీ కొద్దికొద్దిగా మేలు చేసే మార్పు రావాలి. ఆ మార్పు తేగలిగిన చెయ్యి ప్రభుత్వానిదే.

ఇది పట్నాల జబ్బు, డబ్బున్నవాళ్ల జబ్బు అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఒక అధ్యయనం జరిగింది. ఎవరైనా చనిపోతే ఆ ఇంటికి వెళ్లి, చివరి రోజుల్లో ఏమి జరిగిందో ఇంట్లోవాళ్లను ఓపికగా అడిగి, మరణ కారణం తేల్చేవారు. మొత్తం మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటువ్యాధుల వాటా అందులో సగం కూడా లేదు. ఆ రోజుల్లో మా ఆరోగ్య కేంద్రంలో పనంతా టీకాలు, కాన్పులు, క్షయ, మలేరియా చుట్టూ తిరిగేది. బీపీ చూసే పరికరం ఒక్కటే ఉండేది, అదీ డాక్టరు బల్ల మీద. అంటే ఊరిని చంపుతున్న జబ్బు ఒకటి, మేము కాపలా కాస్తున్న జబ్బులు వేరు.

అడిగితే కదులుతుందా అన్నారు కదా. ఫిన్లాండ్ తూర్పున నార్త్ కరేలియా అనే ప్రాంతం ఉంది. అడవులు, పాడి పశువులు, పేద రైతులు. 1960ల చివరికి అక్కడ నడివయసు మగవాళ్లు గుండెపోటుతో చనిపోయే రేటు ప్రపంచంలోనే చాలా ఎక్కువ. 1971 జనవరిలో ఆ ప్రాంత గవర్నరు, పార్లమెంటు సభ్యులు, స్థానిక సంఘాలవాళ్లు కలిసి "మా మనుషులు చచ్చిపోతున్నారు, ఏదైనా చేయండి" అని దేశ ప్రభుత్వానికి ఒక అర్జీ పెట్టుకున్నారు. మరుసటి ఏడాదే పని మొదలైంది. పెక్కా పుస్కా అనే చిన్న వయసు వైద్యుడికి బాధ్యత అప్పగించారు. ఆయన ఆసుపత్రిలో కూర్చోలేదు. గృహిణుల సంఘాలతో కలిసి వెన్న, ఉప్పు తగ్గించిన వంటలు చేసి ఊరివాళ్లకు వడ్డించాడు. మాంసంతో సాసేజ్ తయారుచేసేవాళ్లతో మాట్లాడి కొవ్వు, ఉప్పు తగ్గించమన్నాడు. పాడి మీద బతికే రైతులు నష్టపోకుండా పండ్ల సాగు వైపు మళ్లేందుకు ప్రభుత్వ సాయం వచ్చేలా చూశారు. తర్వాత దేశమంతటా చట్టాలు వచ్చాయి. ఉప్పు ఎక్కువున్న పదార్థాల మీద ఆ సంగతి రాయాలన్న నియమం 1990లలో వచ్చింది. నలభై ఏళ్లలోపే అక్కడ పనిచేసే వయసు మగవాళ్ల గుండె మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. దీనికంతటికీ మొదలు ఒక అర్జీ. మనకు గృహిణుల సంఘాలు లేవా? ఊరూరా డ్వాక్రా సంఘాలున్నాయి. అప్పుల కిస్తీల కోసం కాకుండా ఇలాంటి పనికి వాళ్లను పిలిచేవాళ్లు లేరు, అంతే.

ఇంకో ఉదాహరణ మనకు మరింత దగ్గరిది. మారిషస్‌లో మన తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్నారని మీకు తెలిసే ఉంటుంది. అప్పట్లో అక్కడ జనం ఎక్కువగా వాడే రాయితీ వంటనూనె దాదాపు మొత్తం పామాయిలే. 1987లో ప్రభుత్వం జబ్బుల నివారణకు ఒక కార్యక్రమం చేపట్టి, ఆ రాయితీ నూనెను సోయా నూనెకు మార్చింది. నూనె మార్చుకోమని ఇంటింటికీ తిరిగి ఉపన్యాసం ఇవ్వాల్సిన పని లేకపోయింది. డబ్బాలో నూనె మారింది. ఆ కార్యక్రమంలోని మిగతా పనులూ తోడై, ఐదేళ్లలో జనం సగటు కొలెస్ట్రాల్ 5.5 మిల్లీమోళ్ల నుంచి 4.7కు దిగింది. మన రిపోర్టుల్లో రాసే లెక్కలో చెప్పాలంటే సుమారు 213 నుంచి 182కు. ఇన్ని లక్షల మందికి మాత్రలిచ్చి ఇంత తగ్గించాలంటే ఎంత ఖర్చవుతుందో ఒక్కసారి ఊహించండి.

మన సంగతి చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో "అమ్మహస్తం" పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకుల సంచి ఇచ్చేవారు. అందులో పామాయిల్ ప్యాకెట్టూ ఉండేది, ఉప్పు ప్యాకెట్టూ ఉండేది. పేదవాడి ఇంట్లో ఏ నూనె కాగాలో, ఏ ఉప్పు పడాలో ప్రభుత్వం ఎప్పటినుంచో నిర్ణయిస్తూనే ఉంది, ధరను బట్టి. ఆ నిర్ణయంలో గుండెకు కూడా చోటివ్వమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. అయితే ఇక్కడ జాగ్రత్త కావాలి. మీ పక్కనే అశ్వారావుపేట వైపు ఆయిల్ పామ్ తోటలున్నాయి, వాటి మీద బతికే కుటుంబాలున్నాయి. పామాయిల్ విషమేమీ కాదు. అందులో కొలెస్ట్రాల్ పెంచే సంతృప్త కొవ్వు సగం దాకా ఉంటుంది, చవక కాబట్టి పేదవాడి వంటంతా దానితోనే నడుస్తుంది, సమస్య అది. పన్ను వేసి ధర పెంచితే పేదవాడు నూనెకే దూరమవుతాడు. అందుకని "పామాయిల్ నిషేధించండి" అని అడగకండి. రాయితీ మీద, హాస్టళ్లలో, మధ్యాహ్న భోజనంలో ఏ నూనె ఇస్తున్నారో చెప్పమని, అందులో కొంత భాగమైనా వేరుశనగ, తవుడు, సోయా, పొద్దుతిరుగుడు లాంటి నూనెలకు మార్చమని అడగండి.

ఇప్పుడు నా మనసులో అన్నిటికన్నా బరువైన సంగతికి వస్తాను. బీపీ మాత్రలు.

నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో ఒకామె వచ్చేది. నలభై ఐదేళ్లుంటాయి, నాట్ల కూలీ. తలనొప్పని వస్తే బీపీ చూశాను, 180 ఉంది. అమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర రాశాను. మందుల గదిలో నిల్వ తక్కువ కాబట్టి అందరికీ ఇచ్చినట్టే ఆమెకూ ఏడు రోజులకే ఇచ్చాం. వారం తర్వాత వచ్చింది, మళ్లీ ఏడు రోజులకు ఇచ్చాం. మూడో వారం నాట్లు పడుతున్నాయి, రాలేదు. వస్తే ఆ రోజు కూలి పోతుంది, ఆటోకు డబ్బులు పోతాయి, తలనొప్పి ఎలాగూ తగ్గిపోయింది. నాలుగు నెలల తర్వాత మంచం మీద మోసుకొచ్చారు. కుడివైపు మొత్తం పడిపోయింది, మాట రాలేదు. ఆమె కూతురు పాత చీటీ జాగ్రత్తగా మడిచి తెచ్చి నా చేతిలో పెట్టింది. రెండు తేదీలు, రెండు చోట్లా "7 రోజులకు" అని నా చేతిరాత. ఆమె మాత్రలు మానేసిందని చీటీ వెనుక రాయడానికి నాకు చెయ్యి ఆడలేదు. మానేలా చేసింది ఆ ఏడు అన్న అంకె.

తర్వాత నిల్వ ఎందుకు తక్కువ ఉంటోందో తవ్వి చూశాను. ప్రతి ఏటా మందుల కోసం పంపే ఇండెంటును నిరుటి వాడకాన్ని బట్టి వేస్తారు. మేము ఏడేసి రోజులకు ఇస్తున్నాం కాబట్టి జనం రావడం మానేస్తున్నారు. రావడం లేదు కాబట్టి వాడకం తక్కువగా కనిపిస్తోంది. వాడకం తక్కువ కాబట్టి మరుసటి ఏడాది సరఫరా తక్కువ. సరఫరా తక్కువ కాబట్టి మళ్లీ ఏడేసి రోజులే. ఎవరి దుర్మార్గమూ లేకుండానే ఒక ఊరు ఊరంతా మందులకు దూరమైపోయే పద్ధతి ఇది. దీన్ని తెంచడానికి మాకు దొరికిన దారి రిజిస్టరు ఒక్కటే. ఎంత వాడామన్న లెక్క పక్కనపెట్టి, ఎంతమంది ఉన్నారన్న లెక్క రాశాం. వందమంది బీపీ ఉన్నవాళ్లకు రోజుకు ఒక్క మాత్ర చొప్పున నెలకు మూడు వేలు, ఏడాదికి ముప్పై ఆరు వేలు. ఆ అంకె రాసి పేర్ల జాబితా జతచేసి పంపితే, పైఅధికారికి కాదనడం కష్టమైంది. ఒకసారి కాదు, మూడుసార్లు పంపాల్సి వచ్చింది. మూడోసారి వచ్చాయి.

ఈ పద్ధతి నా సొంత తెలివేమీ కాదు, ఇప్పుడు దేశమంతటికీ తెలిసిందే. 2017 చివర్లో అధిక రక్తపోటు నియంత్రణ కోసం కేంద్రం, భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి మొదలుపెట్టిన కార్యక్రమం తొలి విడతలో ఐదు రాష్ట్రాల్లోని 25 జిల్లాల్లో నడిచింది, ఆ ఐదింటిలో తెలంగాణ ఒకటి. అందులో గొప్ప పరికరాలేమీ లేవు. ఏ మందు ముందు, ఏది తర్వాత అన్నది అందరికీ ఒకే వరుస. నెలకు సరిపడా మాత్రలు. ఊరికి దగ్గర్లోని ఉపకేంద్రంలోనే మందు. రానివాళ్లకు ఫోను. 2022లో దానికి ఐక్యరాజ్యసమితి పురస్కారం కూడా వచ్చింది. కాబట్టి మీరు అడగబోయేది కొత్త పథకం కాదు. ఉన్న పథకం మీ ఊరి దాకా వచ్చిందో లేదో అడగడమే. కొత్త పథకం కోసం పోరాడటం కన్నా ఇది వంద రెట్లు సులువు.

ఆరోగ్యశ్రీ గురించి ఒక మాట. 2007లో మొదలైన ఆ పథకం వల్ల ఎంతమంది పేదల గుండె ఆపరేషన్లు జరిగాయో నా కళ్లతో చూశాను, దాన్ని చిన్నచూపు చూసే హక్కు నాకు లేదు. కానీ గుండె రక్తనాళం మూసుకుపోకుండా పెట్టే చిన్న గొట్టం, అంటే ఒక్కో స్టెంటుకు ప్రభుత్వం పెట్టే ఖర్చుతో, ఆ స్టెంటు అవసరం రాకుండా ఎంతమందికి ఎన్నేళ్ల పాటు బీపీ మాత్రలు ఇవ్వవచ్చో లెక్క వేయండి. జన ఔషధి దుకాణంలో అమ్లోడిపిన్ పది మాత్రల పట్టీ ఒక కప్పు టీ ధరకు దొరుకుతుంది. ఆపరేషన్ జరిగితే ఫొటో ఉంటుంది, కృతజ్ఞత చెప్పే కుటుంబం ఉంటుంది. రాని పక్షవాతానికి ఫొటో ఉండదు. ఏ నాయకుడూ దాన్ని తనంతట తాను పట్టించుకోడు, అందుకే అడిగేవాళ్లు కావాలి.

ఉప్పు విషయంలో మీ నాన్నగారిని ఎక్కువగా తప్పు పట్టకండి. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన తెలుగు ప్రాంతంలో మూత్రం పరీక్షించి కొలిచినప్పుడు దాదాపు దానికి రెట్టింపు తేలింది. పాశ్చాత్య దేశాల్లో ఉప్పు ఎక్కువగా బ్రెడ్డు, ప్యాకెట్ల ద్వారా వస్తుంది కాబట్టి కంపెనీలను కట్టడి చేస్తే సరిపోతుంది. బ్రిటన్ అలాగే చేసింది. మనకు ఉప్పు ఎక్కువగా మన చేత్తోనే పడుతుంది, పప్పులో, పులుసులో, ఆవకాయలో. అందుకని మనకు చైనా అనుభవం ఎక్కువ పనికొస్తుంది. అక్కడ 600 పల్లెల్లో దాదాపు 21 వేల మందిని ఐదేళ్లు గమనించారు. వీళ్లు పక్షవాతం ఒకసారి వచ్చినవాళ్లు, లేదా అరవై దాటి బీపీ ఉన్నవాళ్లు. సగం పల్లెల్లో మామూలు ఉప్పుకు బదులు, నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. ఆ పల్లెల్లో పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. 2021లో ఆ ఫలితాలు వచ్చాయి. వంట మారలేదు, ఉప్పు డబ్బా ఒక్కటే మారింది.

మరి రేషన్‌లో ఆ ఉప్పు ఇమ్మని అడగవచ్చా? ఇక్కడ ఆచితూచి మాట్లాడాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ల ఒంట్లో పొటాషియం పేరుకుపోతే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏ వీధికి వెళ్లినా కిడ్నీ రోగులుంటారు. అక్కడ ఈ ఉప్పు రేషన్‌లో పంచితే మందు పేరుతో ప్రాణం తీసినట్టవుతుంది. కొన్ని బీపీ మాత్రలు కూడా పొటాషియాన్ని పెంచుతాయి. కాబట్టి ఒకే ఆదేశం అన్ని జిల్లాలకూ పనికిరాదు. ముందు ఒకటి రెండు మండలాల్లో, కిడ్నీ పరీక్ష చేసిన తర్వాత, డాక్టర్ల పర్యవేక్షణలో ప్రయత్నించి చూడమని రాష్ట్ర ప్రభుత్వాన్ని అడగవచ్చు. మీ ఇంట్లో మాత్రం నాన్నగారికి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష, పొటాషియం పరీక్ష చేయించి, డాక్టరు సరే అంటే తప్ప ఆ ఉప్పు కొనకండి. "అందరి ఉప్పులో ప్రభుత్వం వేలు పెట్టడమేమిటి" అనేవాళ్లకు ఒక్కటే సమాధానం. గాయిటర్, అంటే గొంతు దగ్గర వాపు, రాకుండా అందరి ఉప్పులో అయోడిన్ కలిపారు, ఈ రోజు దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు కూడా.

బీడీల సంగతి చెప్పడం కష్టం, ఎందుకంటే దాని రెండో కొస కూడా మన ఇళ్లలోనే ఉంది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు లక్షల మంది ఆడవాళ్లు ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టి పిల్లలను చదివించారు. మీ జిల్లా పక్క అడవుల్లో ఆదివాసీలు ఎండాకాలంలో బీడీలు చుట్టే తునికాకు కోసి కట్టలు కడతారు. ప్రకాశం జిల్లా రైతుకు పొగాకు తప్ప వేరే నమ్మకమైన పంట కనిపించదు. వీళ్లను శత్రువులుగా చూసే ఉద్యమం గెలవదు, గెలవకూడదు కూడా. కానీ వాళ్ల పేరు చెప్పి బీడీని కాపాడటం మరో అన్యాయం. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి సిగరెట్లను 40 శాతం పన్నులోకి చేర్చుతూనే బీడీల మీద పన్నును 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. బీడీ తాగేది మీ నాన్నగారి లాంటి శ్రామికుడు, గుండెపోటు వస్తే కుటుంబమంతా వీధిన పడేది అతనిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పొగాకు ధర పది శాతం పెరిగితే మనలాంటి దేశాల్లో వాడకం సుమారు ఐదు శాతం తగ్గుతుంది, అదీ ముఖ్యంగా కుర్రవాళ్లలో, పేదల్లో. పన్ను పెంచమని, ఆ డబ్బు బీడీ కార్మికులకు వేరే పని నేర్పడానికి, పింఛనుకు కేటాయించమని, రెండూ ఒకే అర్జీలో కలిపి అడగండి. బీడీ కార్మికులకు తెలంగాణ ఇప్పటికే పింఛను ఇస్తోంది, దారి కొత్తది కాదు. నార్త్ కరేలియాలో పాడి రైతుకు పండ్ల తోట చూపించినట్టు మనమూ చూపించాలి.

పొగతాగనివాళ్లకు కూడా ఇందులో వాటా ఉంది. స్కాట్లండ్‌లో 2006లో మూసి ఉన్న బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం నిషేధించాక, తొమ్మిది ఆసుపత్రుల్లో గుండెపోటు తరహా కేసులు లెక్కపెడితే అంతకు ముందుకన్నా 17 శాతం తగ్గాయి. తగ్గినవాళ్లలో ఎక్కువమంది పొగ అలవాటు లేనివాళ్లే. మన దగ్గర పొగాకు నియంత్రణకు 2003 చట్టం ఉంది, 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో నిషేధం ఉంది. బస్టాండు హోటల్లో బల్ల మీద అగ్గిపెట్టె పెట్టి ఉంచడం కూడా నియమాలకు విరుద్ధమే. విద్యాసంస్థకు వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదు. బడి గేటుకు 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా ఉన్న పదార్థాలు అమ్మకూడదని 2020లో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధన తెచ్చింది. మీ ఊరి ఉన్నత పాఠశాల గేటు దగ్గర టేపు పట్టుకుని నిలబడండి. ఎన్ని అడుగుల్లో ఏ కొట్టు ఉందో రాసుకోండి. అయితే కొట్టు నడిపేది ఒక వితంతువో, వికలాంగుడో అయి ఉంటే, ఫిర్యాదు కన్నా ముందు పంచాయతీతో మాట్లాడి కొట్టుకు వేరే స్థలం అడగండి.

వనస్పతిలో, బేకరీ పఫ్‌లలో ఉండే, గుండెకు చేటు చేసే ట్రాన్స్ కొవ్వు విషయంలో మనం చాలావరకు గెలిచాం. డెన్మార్క్ 2003లోనే కట్టడి చేసింది. మన దేశంలో 2022 జనవరి నుంచి రెండు శాతానికి మించకూడదు. ఇక మిగిలింది తనిఖీ. ప్యాకెట్ ముందు వైపు హెచ్చరిక గుర్తు మాత్రం ఇంకా పోరాటంలోనే ఉంది. చిలీ 2016లోనే నల్లటి ఎనిమిది పలకల గుర్తులు పెట్టించింది, చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యేవి. మన దగ్గర 2022 ముసాయిదాలో నక్షత్రాలు ఇస్తామన్నారు. నక్షత్రం చూస్తే మంచిదేమో అనుకుంటాం కానీ జాగ్రత్తపడం, అందుకే ఆరోగ్య రంగంలోని చాలామంది దాన్ని వ్యతిరేకించారు. ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ విషయం త్వరగా తేల్చమని చెప్పింది. ఇలాంటి ముసాయిదాలు వచ్చినప్పుడు ఎవరైనా అభ్యంతరాలు పంపవచ్చు. కంపెనీలు మరవకుండా పంపుతాయి, మనం పంపం. కోర్టు తలుపు తట్టడం వల్ల ఏమవుతుందని అనుకోకండి. బీరేందర్ సాంగ్వాన్ అనే న్యాయవాది ఢిల్లీ హైకోర్టులో పట్టుబట్టడం వల్లనే స్టెంట్లు ప్రభుత్వం ధరను కట్టడి చేసే అత్యవసర మందుల జాబితాలోకి వచ్చాయి, దాంతో 2017 ఫిబ్రవరిలో మందు పూత ఉన్న స్టెంటు ధర 29,600 రూపాయలకు దిగింది. అంతకు ముందు లక్ష దాటించి అమ్మినవి ఉన్నాయి.

ఇక ఎలా అడగాలో చెబుతాను. అన్నీ ఒకే కాగితంలో కుక్కితే ఏ అధికారి బల్ల మీదా ఆగదు. మాత్రలు, వంద గజాల నియమం జిల్లా స్థాయిలో తేలతాయి. రేషన్, హాస్టలు నూనె రాష్ట్రానిది. పన్ను జీఎస్టీ మండలిది, అందులో మీ రాష్ట్రం తరఫున కూర్చునేది రాష్ట్ర మంత్రి, కాబట్టి ఆ అర్జీ మీ ఎమ్మెల్యే ద్వారా వెళ్లాలి. ప్యాకెట్ల మీద గుర్తు కేంద్రానిది, అది ఎంపీ చేతికి ఇవ్వండి.

మొదటి అర్జీ మాత్రల మీదే పెట్టండి, గెలుపు అక్కడ దగ్గరగా ఉంది. ముందు ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను కలుపుకోండి. వాళ్ల మీద ఫిర్యాదు అనిపిస్తే తలుపు మూసుకుంటుంది, వాళ్ల కోసం అడుగుతున్నామని చెప్పండి, నిజం కూడా అదే. ముప్పై దాటినవాళ్లందరి బీపీ చూసిన లెక్క వాళ్ల దగ్గర ఉండాలి. ఎంతమందికి బీపీ ఉంది, ఎంతమంది మాత్రలు వాడుతున్నారు, పోయినసారి ఎన్ని రోజులకు ఇచ్చారు, ఈ మూడు అంకెలు చాలు. లెక్క దొరకకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ అంకెలతో గ్రామసభలో తీర్మానం చేయించండి. తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లండి. ఆంధ్ర వైపు వాళ్లకైతే సోమవారమే ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. అర్జీ ఒక పేజీ దాటకూడదు. "మా ఉపకేంద్రంలో బీపీ ఉన్న ప్రతి ఒక్కరికీ 30 రోజుల మాత్రలు ఫలానా తేదీ నుంచి ఇప్పించగలరు" అన్న ఒక్క వాక్యం కోరికగా ఉండాలి, కింద మీ లెక్క, వెనుక సంతకాలు, వేలిముద్రలు. రసీదు తీసుకోకుండా బయటికి రాకండి. నెల తర్వాత ఆ రసీదు నంబరుతో మళ్లీ వెళ్లండి. మొదటిసారి వెళ్లినవాళ్లను చాలామందిని మరిచిపోతారు, రెండోసారి వచ్చినవాళ్లను గుర్తుపెట్టుకుంటారు.

వెళ్లేటప్పుడు నాన్నగారు రాగలిగితే తీసుకెళ్లండి. జాలి కోసం కాదు. ఆయన పని చేసుకుని బతికిన మనిషి, తనకేమి జరిగిందో తన నోటితో చెప్పే హక్కు ఆయనకుంది. పక్షవాతంతో మాట తడబడుతుంటే మీరు పూర్తి చేయబోకండి, చెప్పనివ్వండి. కలెక్టరు ఆగి వింటారు, నేను చూశాను.

ఈ లోపు రేపు ఉదయమే ఆయన మాత్రల పట్టీ తీసి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. పది రోజులకన్నా తక్కువ ఉంటే రేపే వెళ్లి నెలకు సరిపడా అడగండి. ఇవ్వలేమంటే ఆ మాటనే చీటీ మీద రాసి సంతకం పెట్టమనండి. మీ అర్జీకి జతచేయాల్సిన మొదటి కాగితం అదే.